పాకాల చేనూ వాకాడు ఒడ్డూ: రెండు చోట్లా కోతే, మరి జబ్బు ఒకటేనా?

ప్రశ్న చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. అడిగిన తమ్ముడిది పాకాల దగ్గర నాలుగెకరాల ఎర్రచేను. పోయిన నవంబరు వానలకు పైమట్టి కొట్టుకుపోయి గులకరాళ్ళు తేలాయట. అత్తగారి ఊరు వాకాడు వైపు సముద్రం ఒడ్డున. అక్కడేమో అల ఏటేటా ముందుకొస్తోందని మామగారికి టెన్షన్. “నేల కోతా తీరం కోతా ఒకటే జబ్బా సార్? మా చేని మట్టి స్వర్ణముఖిలో పడి చివరికి సముద్రానికే కదా పోయేది. మరి అక్కడ ఒడ్డు పెరగాలి గానీ తరగడమేంటి?” అని అడిగాడు.

నేను 31 ఏళ్ళు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో గట్లు, కందకాలు, చెక్ డ్యాంల పనుల మీదే తిరిగాను. ఇప్పుడు రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. నేల కోత గురించి అడిగినవాళ్ళు లెక్కలేనంత మంది. చేను మట్టినీ సముద్రం ఒడ్డునీ ఒకే తాటి మీదికి తెచ్చి అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. రెండింటికీ పేరు ఒకటే గానీ, జబ్బులు ఎదురెదురు. మీ చేన్లో పోకూడనంత పోతోంది. అక్కడ ఒడ్డుకు రావలసినంత రావడం లేదు. నడుమ దాదాపు 130 కిలోమీటర్ల ఏరుంది. లెక్క తారుమారయ్యేది ఎక్కువగా ఆ ఏట్లోనే.

ఖర్చు లేని పని ఒకటి చెప్తాను, చేసి చూడండి. ఈసారి గట్టి వాన పడినప్పుడు చేని దిగువ మూలన, నీళ్ళు బయటికి పోయేచోట, లీటరు సీసా ఒకటి ముంచి పట్టండి. లేబుల్ పీకేసి అరుగు మీద కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగున ఒక పొర కూచుంటుంది. వేళ్ళ మధ్య నలిపితే కరకరమంటుంది. అది ఇసుక. కొన్ని గంటలకు దాని మీద పిండిలా మెత్తటి పొర ఇంకొకటి. అది ఒండ్రు. తెల్లారి లేచి చూసినా పైన నీళ్ళు మాత్రం టీ రంగులోనే ఉంటాయి. అందులో తేలుతున్నది బంకమట్టి. రోజులు గడిస్తే గానీ తేరుకోదు.

ఆ టీ రంగు నీళ్ళే మీ ఎరువుల డబ్బు. భాస్వరం బంకమట్టి రేణువులకే అంటుకుని ఉంటుంది. చేలో ఉన్న కాస్త పెంటెరువు సారమూ బరువు తక్కువ కాబట్టి మొదట తేలిపోయేది అదే. డీఏపీ బస్తా చల్లి దాని మీద రెండు గట్టి వానలు పడితే ఎంత నిలుస్తుందో ఆ సీసాను చూస్తే అర్థమవుతుంది. వీలైతే అదే రోజు తిరుపతి దగ్గరి కల్యాణి డ్యాం ఎగువన, దట్టమైన అడవిలోంచి వచ్చే వంకలో ఇంకో సీసా పట్టండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీస్తే ఎవరికీ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. సీసాలోని మూడు పొరలూ మూడు దారులు పడతాయి. ఒండ్రు చాలావరకు దారిలో చెరువుల్లో, మడుగుల్లో, పల్లపు మడుల్లో దిగిపోతుంది. బంకమట్టి సముద్రం దాకా పోయినా అలల దగ్గర నిలవదు, లోతు నీళ్ళకు పోయి ఎక్కడో కూచుంటుంది. ఒడ్డు కట్టేది అడుగున ఉన్న ఆ గరుకు ఇసుక ఒక్కటే. అది ఏట్లో దొర్లుతూ, ఆగుతూ, వరద వచ్చినప్పుడల్లా కొంత కొంత దిగువకు జరుగుతూ పోయేది. ఈ ఏడు మీ చేని నుంచి పోయిన ఇసుక వాకాడు చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో! అది కూడా దారిలో లారీ ఎక్కకపోతే. కాబట్టి మీ చేను ఎంత తరిగినా మీ మామగారి ఒడ్డు పెరగదు.

సరే, చేను సంగతి చూద్దాం. మట్టిని కోసేది పారే నీరే అనుకుంటాం గానీ మొదటి దెబ్బ చినుకుది. పెద్ద చినుకు నేలను తాకేసరికి గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఆకు గానీ కసువు గానీ అడ్డం లేని నేల మీద అది పడితే మట్టి బెడ్డ పగిలి రేణువులు పైకి చిమ్ముతాయి. వాన వెలిశాక ఏ మోటారు షెడ్డు గోడో చూడండి. సున్నం కొట్టిన గోడకు కింద అడుగున్నర మేర ఎర్రగా చిమ్మి ఉంటుంది. అలా లేచిన సన్నమట్టి మళ్ళీ కిందపడి నేలలోని సందులన్నీ మూసేస్తుంది. ఎండ కాసేసరికి పైన పెంకు కడుతుంది. అట్టగట్టింది అంటామే, అదే. దాని మీద తర్వాత పడ్డ వాన ఇంకదు, జారుతుంది.

జారేటప్పుడు పొరపొరగా తీసుకుపోతుంది. ఇదే దొంగదెబ్బ. గండి పడితే అందరికీ కనబడుతుంది, పొర పోతే కనబడదు. లెక్క వేయండి: ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మట్టి పోతే నాలుగు ఘనపు మీటర్లు. వంద ఘనపుటడుగుల ట్రాలీ లెక్కన దాదాపు ఒకటిన్నర ట్రాలీ. ఎవడైనా ట్రాక్టరు తోలుకొచ్చి మీ చేలో ఎకరానికి ఒకటిన్నర ట్రాలీ మట్టి ఎత్తుకుపోతే ఊరంతా పంచాయితీ చేస్తారు. వాన ఎత్తుకుపోతే ‘ఈ ఏడు వానలు బాగా పడినాయి’ అంటారు. మన దేశం మొత్తానికి 1983లో వేసిన అంచనా ఒకటుంది: హెక్టారుకు ఏటా 16.4 టన్నులు, మొత్తం 533 కోట్ల టన్నులు. అంటే ఏటా మిల్లీమీటరు పైనే. అందులో 29 శాతం సముద్రంలోకి, 10 శాతం జలాశయాల్లోకి, మిగతా 61 శాతం ఒకచోటి నుంచి లేచి ఇంకోచోట పడేది. పాత లెక్కే, కానీ ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఎత్తేది దాన్నే. ఇటు చూస్తే అంగుళం పైమట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది.

పొర తర్వాత చారలు, చారల తర్వాత గండ్లు. చారల దాకా గుంటక పాస్తే సర్దుకుంటుంది. నడుములోతు గండి పడిందంటే ఇక గుంటకతో అయ్యేది కాదు.

మన వైపు ఇది ఎందుకు ఎక్కువంటే, కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. నేల తేలిక. వాలు కనబడీ కనబడనట్టు ఉంటుంది. ఎండాకాలమంతా చేను నున్నగా గొరిగినట్టు ఉంటుంది, సరిగ్గా అప్పుడే మే, జూన్ గాలివానలు వచ్చి పడతాయి. ఇక చెనిక్కాయ, అదే వేరుశనగ. చెనిక్కాయను తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు, ఈ జిల్లా తిన్నది ఆ పంట మీదే. కానీ కాయ పీకడమంటే చేనంతా తవ్వి వదులు చేయడమే, కట్టె మొత్తం పశువులకు పోతుంది, నేల మీద మిగిలేది ఏమీ ఉండదు. మా నాయన కాలంలో నడుమ నడుమ కంది సాళ్ళు, అలసంద, అనుము ఉండేవి. చెనిక్కాయ పీకేశాక కూడా కంది నిలబడి ఉండేది, కార్తీకం దాకా అనుము తీగ నేలను కప్పి ఉండేది. నవంబరు తుపాను వానలకు ఆ కప్పే గొడుగు. ఆ సాళ్ళు తీసేసి ఒంటిపంట వేయడం మొదలుపెట్టాక గొడుగు పోయింది.

ఇంకో రెండు కారణాలున్నాయి, ఎవరూ ఒప్పుకోరు. ఒకటి ట్రాక్టరు. చేను పొడుగు వాలు వెంట ఉంటే ట్రాక్టరు అటే దున్నుతుంది, మలుపులు తక్కువ, డీజిలు కలిసొస్తుంది. ప్రతి చాలూ ఒక పిల్లకాలువ అవుతుంది. రెండోది గెనిమ, చేనికీ చేనికీ నడుమ ఉండే హద్దు గట్టు. ఇటువైపు వాడు ఏటా ఒక చాలు, అటువైపు వాడు ఒక చాలు గీకుతూ పోతారు. నేను చూస్తుండగానే మూడడుగుల గెనిమ జానెడుకు దిగింది. పోతే పోయిందిలే, సాగు పెరిగింది కదా అనుకుంటారు. ఆ జానెడు గెనిమ మొదటి గట్టి వానకు తెగుతుంది, దాంతోపాటు నాలుగు చేల నీళ్ళూ ఒకే దారి పడతాయి.

నష్టం చేనితో ఆగదు. పైమట్టి పోతే నేలకు నీళ్ళు పట్టి ఉంచే శక్తి పోతుంది. పది రోజులు వాన లేకపోతే పక్క చేను నిలబడుతుంది, మీది వాడుతుంది. వానలు ఒకటే, ఎరువు ఒకటే, విత్తనం ఒకటే. ఆ తేడా నేల మందంలోనే ఉంది. తర్వాత చెరువు. రాయలసీమ వానకు చెరువే బ్యాంకు. అందులో పూడిక చేరితే రెండు వానలకే నిండి మొరవ, అంటే అలుగు, పారుతుంది, జనం సంబరపడతారు, సంక్రాంతికల్లా అడుగు కనబడుతుంది. కట్ట మీద ఒత్తిడీ తక్కువేం ఉండదు. 2021 నవంబరులో రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు నీళ్ళు ఊరి, దిగువ పల్లెల్ని ఖాళీ చేయించిన సంగతి గుర్తుండే ఉంటుంది. దానికి పూడికే కారణమని నేననను. పాత కట్ట, ఒక్కసారిగా వచ్చిపడిన నీరు. కానీ ఎగువ చేలు నీటిని ఆపకుండా వదిలేస్తే ఆ నీరంతా ఒకేసారి చెరువు మీదికి రావడం ఖాయం. అదే నెలలో తిరుపతి వీధుల్లో పారిన నీళ్ళ రంగు కూడా గుర్తుందా? ఎర్రగా, చిక్కగా. కొండ కింద కొత్త లేఅవుట్ల కోసం చదును చేసి వదిలేసిన నేల కూడా ఆ నీళ్ళలో ఉంది.

ఇక్కడ చిన్న పక్కదారి. కోత అనగానే అదేదో మన పాపం అనుకోవద్దు. తిరుమల ఘాట్ రోడ్డులో బోర్డు పెట్టి చూపిస్తారే, కింద బాగా పాత గ్రానైటు, దాని మీద నగరి క్వార్ట్‌జైటు. రెండింటి మధ్య కోట్లాది ఏళ్ళ ఖాళీ. ఆ కాలంలో ఇక్కడి నేల అరిగిపోయి చదునైంది, తర్వాత దాని మీద కొత్త పొరలు కూచున్నాయి. ఈ ప్రపంచంలో పేరున్న అంతరాల్లో అదొకటి, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. పైన శిలాతోరణం కూడా అంతే, గాలీ నీరూ తొలిచిన రాయి. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నదీ ఈ పాత కథలోని ఒక చిన్న ముక్కే. కొండ అరుగుతుంది. అరగబట్టే ఏట్లో ఇసుక ఉంది, సముద్రానికి ఒడ్డుంది. మనం చెడగొట్టింది అరుగుదల వేగాన్ని, అరిగింది పోయే దారినీ.

ఆ దారే స్వర్ణముఖి. పాకాల వైపు కొండల్లో పుట్టి చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళు లేకపోయినా దాన్ని ఏరనే అంటున్నామంటే ఆ ఇసుక వల్లనే. పైన ఎండిపోయినా లోపల తడి ఉంటుంది. చిన్నప్పుడు మేం ఇసుకలో చెలమ తవ్వి, ముందు వచ్చిన బురదనీళ్ళు చిప్పతో తోడి పారబోసి, తర్వాత ఊరే తేట నీళ్ళు తాగేవాళ్ళం. మోచేతిలోతు తవ్వితే చాలు. ఇప్పుడు అదే రేవులో మనిషిలోతు తవ్వినా గట్టి మట్టి తగులుతోంది. ఇసుక లేదు. వంతెన స్తంభాల దగ్గరికి పోయి చూడండి, ఒకప్పటి ఇసుక మట్టం మరకలా పైన ఎక్కడో ఉంటుంది, దాని కింద ఎప్పుడూ బయటపడకూడని పునాది బయటపడి ఉంటుంది.

ఇసుక తోడితే ఊటబావులు ఎండుతాయని అందరికీ తెలుసు. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఇసుక తవ్వకాలకు హద్దులు పెట్టింది కూడా అందుకే. తెలియనిది ఇంకొకటుంది, చేలో పడే గండికి అసలు సంబంధం అక్కడే. ఏటి అడుగు ఆరడుగులు దిగితే, అందులో కలిసే వంకకు దిగువన ఒక మెట్టు ఏర్పడుతుంది. వరద వచ్చినప్పుడు నీళ్ళు ఆ మెట్టు మీంచి దూకి అంచును తొలుస్తాయి. మెట్టు వెనక్కి జరుగుతుంది. ఏటేటా కొంత కొంత వెనక్కి జరుగుతూ వంకంతా లోతవుతుంది, తర్వాత వంకలో కలిసే కాలువ, ఆ తర్వాత చేను మూల. మీ చేని దిగువ మూలన గండి నోరు నిటారుగా, గోడలా ఉండి, ప్రతి వానకూ ఎగువకు పాకుతుంటే జబ్బు మీ చేలో లేదు, దిగువన ఉంది. అలాంటప్పుడు పైన ఎన్ని గట్లు వేసినా గండి ఆగదు, వంకలోనే రాతికట్టలు వేయాలి. ముందు ఇది చూసుకోండి.

ఇక సముద్రం. నేను సముద్రం మనిషిని కాను. కానీ చివరి ఆరేళ్ళు పని మీద తూర్పు మండలాలకు పోయి వస్తూ, చేపలు పట్టేవాళ్ళ దగ్గర కూచుని నేర్చుకున్నది కొంత ఉంది.

అల ఒడ్డు మీదికి ఏటవాలుగా ఎక్కుతుంది, దిగేటప్పుడు నేరుగా దిగుతుంది. ఇసుక రేణువు కూడా అలాగే ఎక్కుతూ దిగుతూ, వంకరటింకరగా ఒడ్డు వెంట నడుస్తుంది. ఒక నిమ్మకాయ నీళ్ళలోకి విసిరి పది నిమిషాలు గమనించండి, ఎటు నడుస్తోందో తెలుస్తుంది. మన తీరంలో మార్చి నుంచి అక్టోబరు దాకా ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరగబడి దక్షిణానికి. ఏడాది మొత్తం కూడితే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అంటే ప్రతి ఊరి ఒడ్డూ దక్షిణపు ఊరి నుంచి ఇసుక తీసుకుని ఉత్తరపు ఊరికి ఇస్తూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట సముద్రంలోకి రాతిగోడ కడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు కోత పడుతుంది. దీనికి మనవాళ్ళందరూ చూసిన సాక్ష్యం చెన్నై. మెరీనా బీచ్ అంత వెడల్పుగా ఉండటానికి పెద్ద కారణం, దానికి ఉత్తరాన 19వ శతాబ్దంలో కట్టిన హార్బరు గోడలు. అదే హార్బరుకు ఉత్తరాన రాయపురం నుంచి ఎన్నూరు దాకా ఒడ్డు అరిగిపోయింది, ఇప్పుడు నల్లరాళ్ళే దిక్కు. మనం మెరీనాలో బజ్జీలు తిని వచ్చేస్తాం, రాయపురం వైపు పోయి చూడం.

కాబట్టి ఒడ్డుకు రెండు రాబడులు: ఏరు తెచ్చేది, దక్షిణపు ఒడ్డు ఇచ్చేది. ఏటి ఇసుకకు అడ్డం ఎగువన తవ్వకాలు, వాకాడు దగ్గర బ్యారేజీ, దారిపొడుగునా అడ్డుకట్టలు. ఒడ్డు ఇసుకకు అడ్డం హార్బర్లు. ఖర్చు మాత్రం పెరుగుతోంది: తుపాన్లు, దానికితోడు ప్రపంచమంతటా ఏటా 3, 4 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతున్న సముద్ర మట్టం. మిల్లీమీటర్లంటే నవ్వొస్తుంది గానీ ఒడ్డు వాలు తక్కువైన చోట నిలువున అంగుళం పెరిగితే అడ్డంగా అడుగుల లెక్కన లోపలికొస్తుంది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా దేశ తీరాన్ని ఉపగ్రహ చిత్రాలతో కొలిస్తే మూడో వంతు కోతలో ఉన్నట్టు తేలింది. మన రాష్ట్రంలో 28 శాతం పైచిలుకు. దేశ తీరంలో పావు వంతుకు పైగా మేట వేస్తోందని కూడా అదే లెక్క చెప్పింది. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

మేట మంచిదేనా అంటే, పులికాట్ వాళ్ళని అడగండి. సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న రాయదొరువు లాంటి ముఖద్వారాలు ఇసుకతో మూసుకుపోతే ఆటుపోట్లు లోపలికి రావు, చేప, రొయ్య పిల్ల రాదు. పైనుంచి కాళంగి, స్వర్ణముఖి తెచ్చే ఒండ్రుతో సరస్సు లోతు తగ్గుతుంది. తడ, సూళ్లూరుపేట వైపు పడవలు బురదలో కూరుకుపోయి మనుషులు దిగి తోసుకుంటూ పోవడం నేను చూశాను. మీ సీసాలో రెండో పొర ఉందే, దానికి చివరి మజిలీ ఇలాంటి చోట్లే. ఇటు ఇసుక లేక ఒక ఊరు ఏడుస్తుంటే, పక్కనే ఒండ్రు ఎక్కువై ఇంకో ఊరు ఏడుస్తోంది.

మామగారితో ఒక మాట చెప్పండి: భయపడేముందు కొలవండి. నవంబరు, డిసెంబరుల్లో ఒడ్డు సన్నబడటం మామూలు. ఆ కాలపు పెద్ద అలలు ఇసుకను లాక్కుపోయి కాస్త లోపల తిన్నెలా దాస్తాయి, ఎండాకాలపు చిన్న అలలు చాలావరకు తిరిగి తెచ్చి పోస్తాయి. డిసెంబరు ఫొటోను మేలో తీసిన ఫొటోతో పోల్చి ఊరు మునిగిపోతోందంటే లాభం లేదు. ఊళ్ళో కదలని గుర్తు ఒకటి, గుడి ప్రహరీ గోడో, పాత తాటిచెట్టో పెట్టుకుని, ప్రతి పౌర్ణమికీ అక్కడి నుంచి పోటు తడి గీత దాకా తాడుతో కొలిచి నోటుపుస్తకంలో రాయమనండి. మూడేళ్ళు ఒకే నెలకు ఒకే నెలను పోల్చాలి. మే నెల కొలతే ఏటేటా తగ్గుతుంటే అప్పుడది నిజమైన కోత. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ చిత్రాలు కూడా చూడొచ్చు, మీ పిల్లలకు చెప్తే తీసి పెడతారు.

నిజంగానే కోత ఉందనుకోండి, అందరి నోటా వచ్చే మొదటి మాట ‘గోడ కట్టించండి’. గోడ వెనకున్న ఇల్లు కొన్నాళ్ళు నిలుస్తుంది. గోడ ముందున్న ఇసుక పోతుంది, ఎందుకంటే అల గోడకు కొట్టుకుని అడుగును తవ్వుతుంది. గోడ ఆగిన చోట ఉత్తరపు ఊరికి కోత ఎక్కువవుతుంది. వల లాగడానికి, పడవ ఎక్కించడానికి ఒడ్డే లేకుండా పోతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో రాళ్ళు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు, తుపాన్లకు అవీ దెబ్బతిన్నాయి. నా మటుకు నాకు, మొదట కాపాడుకోవాల్సింది ఇసుక దిబ్బలు. పెద్ద తుపానుకు అల దిబ్బను కోస్తుంది, ఆ ఇసుకే ఒడ్డుకు అరువు. దిబ్బను చదును చేసి రొయ్యల గుంట తవ్వినా, ఇల్లు కట్టినా ఆ అరువు పుట్టదు. దిబ్బ మీద పాకే బాలబందు తీగ, రావణాసురుడి మీసాలు, మొగలి పొదలు పీకకుండా ఉంటే చాలు, గాలికొచ్చిన ఇసుకను అవే పట్టుకుంటాయి. సరుగుడు తోట గాలికి మంచి అడ్డమే, అలకు కాదు. అల వేళ్ళ కిందికి వస్తే వరసలు వరసలుగా పడిపోతుంది. కొత్తగా ఇల్లు కట్టే ఆలోచన ఉంటే మాత్రం వెనక్కి జరగండి. తీర నియమాల్లో పల్లెలకు పోటు గీత నుంచి 200 మీటర్లదాకా కట్టొద్దని ఉండటం ఊరికే కాదు. జనం ఎక్కువున్న ఊళ్ళకు 2019లో కొంత సడలించారు, అలకు ఆ సంగతి తెలియదు.

మళ్ళీ మీ చేనికి వద్దాం, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది అదే. తాపీ మేస్త్రీల దగ్గర నీళ్ళు పోసిన ట్యూబు ఉంటుంది కదా, దాంతో వాలు చూడండి. వంద అడుగులకు రెండడుగులు దిగితే రెండు శాతం వాలు. అలాంటి చోట 40 మీటర్లకు, అంటే 130 అడుగులకు ఒక గట్టు చాలు. గట్టు సమమట్టం గీత మీదే నడవాలి, సరిహద్దు తిన్నగా ఉందని తిన్నగా వేయకూడదు. వాలుకు అడ్డంగా దున్నాలి. ట్రాక్టరు అతను గొణుగుతాడు, గంటకు ఇంకో వంద ఎక్కువిచ్చినా మీకే లాభం.

గట్టుకు కలుజు, అంటే మిగులు నీళ్ళు పోయే దారి, మర్చిపోవద్దు. ఇది నా అనుభవం, నా తప్పే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో ఎనిమిదెకరాల చెలకకు గట్లు వేయించాను. సర్వే బాగా చేశాను, మట్టి బాగా తొక్కించాను. ఎక్కువైన నీళ్ళు పోవడానికి రాతి దారి మాత్రం ‘తర్వాత పెడదాం’ అని వదిలేశాను. ఆ వారంలోనే రాత్రంతా వాన. పై గట్టు నిండి తెగింది, ఆ నీళ్ళు రెండో గట్టును తెంచాయి, రెండూ కలిసి మూడోదాన్ని. తెల్లారి పోయి చూస్తే చేని నడుమ నేను దిగి నిలబడితే తల మాత్రమే కనబడేంత గండి. ఆ చేని ముసలమ్మ తిట్టలేదు. “మీరు రాకముందు మట్టి పోతా ఉండె సారూ. మీరొచ్చినాక చేనే పోయింది” అంది. ఆ తర్వాత ఎక్కడ గట్టు వేయించినా ముందు కలుజు రాళ్ళు తోలించాకే మట్టి పని మొదలుపెట్టించాను.

గట్టు మీద వట్టివేరు నాటండి, జానెడుకు ఒక దుబ్బు. వేరు ఆరేడు అడుగులు నేరుగా కిందికి దిగుతుంది, పక్కకు పాకి పంటను తినదు. మేకల బెడద ఎక్కువైతే కిత్తనార. గెనిమను పక్క చేనాయనతో కలిసి ఒకేసారి మళ్ళీ వెడల్పు చేసుకోండి. ఒక్కరే చేస్తే రెండో ఏడాదికే గొడవ. చెనిక్కాయలో ఎనిమిది సాళ్ళకు ఒక కంది సాలు వేయండి. గండి ఉంటే రాతికట్టలు పైనుంచి కిందికి వేసుకుంటూ రండి. కింది కట్ట తల పై కట్ట పాదానికి సమంగా ఉండాలి, నడుమ భాగం అంచులకంటే పల్లంగా ఉండాలి. లేదంటే నీళ్ళు పక్కనుంచి కొత్త దారి తవ్వుకుంటాయి. ఈ పనులు చాలావరకు ఉపాధి పనుల్లో అడగొచ్చు. ఊరి చెరువులో పూడిక తీస్తుంటే ఆ మట్టి తోలించుకోండి, మీ చేని మట్టే మీకు తిరిగొస్తుంది. కానీ అంతకు ముందు భూసార పరీక్ష చేయించండి, ఉప్పు మట్టి తోలుకుని పాడైన చేలు నేను రెండు చూశాను.

చెక్ డ్యాం కడితే సముద్రానికి ఇసుక ఆగుతుంది కదా అని మీరు అడగొచ్చు. చేలలో, వంకల్లో వేసే చిన్న కట్టలు ఆపేది ఎక్కువగా ఒండ్రు, అది ఒడ్డుకు పనికొచ్చేది కాదు. ఒడ్డుకు తిండి పెట్టే ఇసుక పెద్ద ఏట్లో ఉంది, దాన్ని అక్కడే ఉండనిస్తే చాలు.

మీ చేలో గండి పడి ఉంటే దాని నోరు ఏటవాలుగా ఉందా, గోడలా నిటారుగా ఉందా? పక్కన ఒక మనిషిని నిలబెట్టి ఫొటో తీసి పెట్టండి. ఏ కట్ట ఎక్కడ వేయాలో దాన్ని చూసి చెప్తాను. సీసా ఫొటో కూడా పెట్టండి, వాన ఎప్పుడు పడిందో, సీసా ఎప్పుడు పట్టారో తారీఖుతో సహా.